సాక్షి వ్యాసాలు సాగకపోతే ఏం చెయ్యాలి? హాస్యవ్యాసాల గురించి, నాకిష్టమైన పుస్తకాల గురించి

మీ ప్రశ్న సారాంశం ఇది. ‘బుడుగు’, ‘బారిస్టర్ పార్వతీశం’ చదివి కడుపుబ్బ నవ్వారు. ఆ ఊపులో, అందరూ గొప్పగా చెబుతారు కదా అని పానుగంటివారి హాస్యవ్యాసాల సంపుటం ‘సాక్షి’ తెచ్చుకుంటే పట్టుమని రెండు వ్యాసాలు కూడా నడవలేదు. లోపం మీదా పుస్తకానిదా అంటున్నారు. హాస్యవ్యాసాలు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, నాకు బాగా ఇష్టమైన పుస్తకాలేవి, పన్నెండేళ్ళ మీ అమ్మాయికి ఏది చదివి వినిపించవచ్చు అని కూడా అడిగారు. అమ్మాయి సంగతి చివర్లో చెబుతాను.

నా ఉద్యోగమంతా శాఖా గ్రంథాలయాల్లోనే గడిచింది. పుస్తకం వెనక అట్ట లోపల తేదీల స్లిప్పు అంటిస్తాం కదా, ఆ స్లిప్పు అబద్ధం చెప్పదు. నేను పనిచేసిన చోటల్లా ‘సాక్షి’ మొదటి సంపుటం స్లిప్పు ముద్రలతో నిండిపోయి ఉండేది. రెండో సంపుటానికి అందులో సగం కూడా ఉండేవి కావు. ఆ తరవాతి సంపుటాలు కొన్ననాటి నిగనిగతోనే ఉండేవి. అంటే తెచ్చుకున్నవాళ్ళలో చాలామంది మీలాగే మొదట్లోనే ఆగిపోయారన్నమాట. ‘బుడుగు’కి మాత్రం స్లిప్పు చూడక్కర్లేదు. బాపుగారి బొమ్మలున్న పేజీలు ఎన్ని మిగిలాయో లెక్కపెడితే చాలు.

హాస్యకథ చదివే పద్ధతి వేరు, హాస్యవ్యాసం చదివే పద్ధతి వేరు. మీకు అడ్డం పడింది అదే. కథలో సంఘటన ఉంటుంది. మొగల్తూరు నుంచి ఇంట్లో చెప్పకుండా బయల్దేరిన పార్వతీశం ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని ఠీవిగా నెత్తిన పెట్టుకున్నాడంటే, ఆ కాలం సంగతులు ఏమీ తెలియనివాడికి కూడా నవ్వొస్తుంది. వ్యాసంలో ఏమీ జరగదు. ఒక మనిషి మాట్లాడతాడు, అంతే. ఆ మనిషి ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నాడు, ఎందుకంత ఆవేశపడుతున్నాడు అన్నది పట్టుబడితేనే నవ్వు. అది పట్టుబడేదాకా అతను చెప్పేది సొద.

‘సాక్షి’లో మాట్లాడే మనిషి జంఘాలశాస్త్రి. ఇంగ్లండులో 1711లో అడిసన్, స్టీల్ కలిసి నడిపిన ‘స్పెక్టేటర్’ పత్రికలో ఒక ఊహా సంఘం, అందులో తలో రకం సభ్యులు ఉంటారు. పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు ఆ ఏర్పాటు తీసుకుని సాక్షిసంఘం పెట్టించారు. ఆయన్ని ఆంధ్ర అడిసన్ అన్నది అందుకే. కానీ అడిసన్ కాఫీ తాగుతూ నెమ్మదిగా మాట్లాడే మనిషి. మన జంఘాలశాస్త్రి వేదికెక్కి గొంతు చించుకునే మనిషి. పానుగంటివారు ముందు నాటకకర్త, పిఠాపురం రాజావారి ఆస్థానంలో ఉన్నవారు. ఆయన రాసే వాక్యం గొంతు కోసం రాసింది. శాస్త్రి ఏదైనా ఒక్కసారి చెప్పి ఊరుకోడు. ఒకణ్ణి సోమరి అనాలనుకుంటే వాడు లేచిన తీరు, ఒళ్ళు విరుచుకున్న తీరు, ఆవులించిన తీరు, మళ్ళీ పడుకున్న తీరు, అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతాడు. కంటితో చదివితే మూడో మాటకే సంగతి అర్థమైపోయి మిగతావి భారమవుతాయి. పైకి చదివితే అయిదో మాట దగ్గర పెదవి వంకరపోతుంది, ఎనిమిదో మాట దగ్గర నవ్వు ఆగదు. రెట్టింపు చేసుకుంటూ పోవడంలోనే ఉంది హాస్యమంతా.

ఇంకో సంగతి. అవి పత్రిక కోసం రాసినవి. మొదట ‘సువర్ణలేఖ’లో, తరవాత ‘ఆంధ్రపత్రిక’లో వచ్చాయి. అప్పటి పాఠకుడు ఒకటి చదివి, నలుగురితో చెప్పుకుని, తరవాతిదాని కోసం వారం రోజులు ఎదురుచూశాడు. మీరు సంపుటం పట్టుకుని ఒక్క ఆదివారం పూర్తి చేద్దామనుకున్నారు. అది లడ్డూలతో భోజనం చెయ్యడం లాంటిది, మూడోదానికే మొహం మొత్తుతుంది. వారానికొకటి చాలు. మొదటి పేజీ నుంచి వరసగా వెళ్ళాలన్న నియమం కూడా లేదు. తెలుగువాడై ఉండి తెలుగులో మాట్లాడటం నామోషీ అనుకునేవాళ్ళని చెడుగుడాడే ‘స్వభాష’తో మొదలుపెట్టండి. వందేళ్ళ నాటి వ్యాసం అది. చదివాక మీ అపార్ట్‌మెంటు సంఘం మీటింగుకి వెళ్ళి చూడండి, అందులోని పాత్రలు వరసగా కుర్చీల్లో కూర్చుని ఉంటాయి.

అలాగని ‘సాక్షి’ అంతా తలకెత్తుకోమనను. ఆడవాళ్ళ విషయంలో, సంస్కరణల విషయంలో కొన్నిచోట్ల ఇవాళ చదివితే ముల్లు గుచ్చుకుంటుంది. అవి వదిలేసినా మీకు వచ్చే నష్టం లేదు. వ్యాసాల పుస్తకంలో పేజీలు దాటెయ్యడం పాపం కాదు.

ఇక నా అభిరుచి చెప్పుకోవాలి. హాస్యంలో వేదికెక్కి లోకాన్ని చూసి నవ్వే మనిషి ఒకడు, కిందే కూర్చుని ముందు తననే నవ్వులపాలు చేసుకునే మనిషి ఇంకొకడు. నా ఓటు రెండోవాడికి. మొదటివాడు సరైనవాడే కావచ్చు, చెప్పింది నిజమే కావచ్చు, కానీ గంటసేపు సరైనవాడి పక్కన కూర్చోవడం కష్టం. మొక్కపాటివారి పార్వతీశం, మునిమాణిక్యంగారి కథల్లో కాంతం మొగుడు, ముళ్ళపూడి వెంకటరమణగారి అప్పారావు, వీళ్ళంతా రెండో తెగ. కాంతం కథల గురించి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది, భార్య మీద వేసిన జోకులని. మళ్ళీ చదివి చూడండి. ప్రతి మాటలోనూ గెలిచేది కాంతం. బోల్తా పడేది పంతులుగారు, ఆ పడటాన్ని మనకి రాసి చూపించేదీ ఆయనే. ఆ కిటుకు తెలియక, పైపైన చూసి, పెళ్ళాన్ని గయ్యాళిని చేసి రాసిన నకళ్ళు తరవాత కుప్పలుగా వచ్చాయి. వాటిలో ఒక్కదాని పేరైనా ఇవాళ ఎవరికీ గుర్తులేదు.

అచ్చమైన వ్యాసం కావాలంటే మీరు మొదలుపెట్టాల్సింది భమిడిపాటి కామేశ్వరరావుగారితో. రాజమండ్రి మేష్టారు, హాస్యబ్రహ్మ అన్నారు ఆయన్ని. ఫ్రెంచి నాటకకర్త మోలియర్ నాటకాల్ని మన వాకిళ్ళలోకి తెచ్చినవాడు కూడా ఆయనే. ‘కాలక్షేపం’, ‘మాటవరస’, ‘లోకోభిన్నరుచిః’, ఏది దొరికితే అది పట్టుకోండి. జంఘాలశాస్త్రి గొంతు పెంచితే ఈయన గొంతు తగ్గిస్తాడు. మనం రోజూ చేసే పనినే, అంటే పక్కవాడితో మాట్లాడటం, పాట వినడం, నాటకం చూడటం లాంటివాటినే, ఎన్నడూ చూడని మనిషి చూసినట్టు చూస్తాడు. మేష్టారి పద్ధతిలో ముందు నిర్వచనం, తరవాత రకాలు, తరవాత ఉదాహరణ. మొహంలో చిరునవ్వు కూడా ఉండదు. అందుకే మనకి ఆగదు. ‘ఆంధ్ర నాటక పద్యపఠనం’ అని ఆయనదే ఒక పుస్తకం ఉంది. పేరు చూసి పరిశోధన గ్రంథం అనుకుని జనం పక్కన పెట్టేస్తారు. నాటకంలో పాత్ర ప్రాణం పోతున్నా సరే, రాగం పూర్తయ్యేదాకా చావని నటుల్ని చూసినవాళ్ళకి ఆ పుస్తకం ఎందుకు అవసరమైందో తెలుస్తుంది.

కొనడానికి దొరకడం లేదని బెంగపడకండి. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్ళకి కాపీరైటు తీరిపోతుంది. పానుగంటివారు 1940లో, భమిడిపాటివారు 1958లో పోయారు కాబట్టి ఇద్దరివీ స్వేచ్ఛగా చదువుకోవచ్చు. పాత ప్రతుల స్కాన్లు అంతర్జాలంలో దొరుకుతున్నాయి. అచ్చు పాతదైనా కళ్ళకి రెండు రోజుల్లో అలవాటవుతుంది.

ముళ్ళపూడివారి దగ్గరికి వస్తే నేను కాస్త ఆగుతాను, ఏమీ అనుకోవద్దు. మీరు ‘బుడుగు’ చదివారు కాబట్టి తరవాత ‘ఋణానందలహరి’ చదవండి. అప్పారావు అప్పులు చేసే మనిషి. అంతవరకు మామూలే, అప్పులవాళ్ళ మీద జోకులు ప్రతి భాషలోనూ ఉంటాయి. ఇక్కడ రచయిత చేసింది ఏమిటంటే అప్పు చెయ్యడాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టాడు. పేరులోనే శంకరాచార్యులవారి లహరి వినపడుతుంది. అప్పు అడగడానికి వేళ, అడిగే మొహం, ఇచ్చేవాడి మనస్తత్వం, ఎంత అడిగితే ఎంత రాలుతుంది, తీర్చకపోవడంలో ఉన్న ధర్మసూక్ష్మం, అన్నిటినీ పండితుడు భాష్యం చెప్పినంత నిష్ఠగా చెప్పుకుంటూ పోతాడు. విషయం ఎంత చిల్లరదైతే భాష అంత గంభీరం. నవ్వుతూ నవ్వుతూ సగంలో ఒక్క క్షణం చల్లబడతాం, ఎందుకంటే అప్పారావుకి ఉద్యోగం లేదు, ఆకలి ఉంది. ఆ ఆకలి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయన ఆత్మకథ ‘కోతికొమ్మచ్చి’ చదివితే తెలుస్తుంది. చిన్నప్పుడే తండ్రి పోయి, ధవళేశ్వరం వదిలి మద్రాసు చేరిన ఒక తల్లీ పిల్లల బతుకు అది. కష్టం చెబుతూ జాలి అడగడు. అడిగినట్టు అనిపించే చోట చటుక్కున ఒక పన్ వేసి పక్క కొమ్మ మీదికి దూకేస్తాడు. తరవాతి భాగాలకి ‘ఇంకోతికొమ్మచ్చి’, ‘ముక్కోతికొమ్మచ్చి’ అని పేర్లు పెట్టాడంటే ఆ మనిషి ధోరణి మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆయనదే ‘రాజకీయ బేతాళ పంచవింశతి’ మాత్రం ఇప్పుడే వద్దు. ఆ కాలపు మంత్రులు, పార్టీలు, ఫిరాయింపులు తెలిసినవాళ్ళకి అది విందు. తెలియనివాళ్ళకి ప్రతి పేజీకీ ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పాలి. హాస్యవ్యాసానికి ఈ గండం ఎప్పుడూ ఉంది. వార్త మీద బతికేది వార్తతోనే పోతుంది. మనిషి మీద రాసింది నిలుస్తుంది. ముళ్ళపూడివారివే ‘గిరీశం లెక్చర్లు’ సినిమాల మీద రాసినవైనా ఇవాళ్టికీ నవ్విస్తున్నాయంటే, మాట్లాడేది గురజాడవారి గిరీశం కాబట్టి. అందులో ప్రస్తావించిన సినిమాలు చూడకపోయినా గిరీశం మనకి తెలుసు. అన్నట్టు మీరు ‘కన్యాశుల్కం’ చదివి ఉండకపోతే ఇవన్నీ ఆపి ముందు అది చదవండి. 1909లో వచ్చిన రెండో కూర్పు చదవండి, ఇప్పుడు దొరికేదీ అదే. తెలుగు హాస్యంలో సగం దానికి పడ్డ బాకీయే.

వారపత్రికల కాలమ్‌ల సంగతి క్లుప్తంగా చెబుతాను. పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు ‘ఆంధ్రజ్యోతి’ వారపత్రికలో పురాణం సీత పేరుతో రాసిన ‘ఇల్లాలి ముచ్చట్లు’ మంచి వచనం. వంటింట్లో మొదలైన కబురు ఢిల్లీ దాకా వెళ్ళి పోపు మాడేలోపు వెనక్కొస్తుంది. నండూరి పార్థసారథిగారి ‘రాంబాబు డైరీ’ నెలాఖరు జీతగాళ్ళకి బాగా పడుతుంది. నటి భానుమతిగారి ‘అత్తగారి కథలు’ కథలే అయినా వాటిలో ఉన్నది వ్యాసం గొంతు, తప్పక చదవండి. కోడలే చెబుతుంది, అత్తగారి మీద ప్రేమ ఎక్కడా తగ్గదు. 2000ల మొదట్లో హైదరాబాదు నుంచి ‘హాసం’ అని హాస్యానికీ సంగీతానికీ ఒక పత్రిక కొన్నేళ్ళు వచ్చింది. పాత పుస్తకాల దుకాణంలో ఆ సంచికలు కంటపడితే బేరమాడకుండా తెచ్చుకోండి.

శ్రీరమణగారి పేరడీలకి మాత్రం పెట్టుబడి కావాలి. ఆయన ఎవరి శైలిని అనుకరిస్తే వాళ్ళ రచన కొంతైనా మీకు ఒంటబట్టి ఉండాలి. విశ్వనాథవారి వాక్యం ఎలా నడుస్తుందో తెలియనివాళ్ళకి ఆ నడకని ఆటపట్టిస్తే ఏం నవ్వొస్తుంది? అంతకుముందు తరంలో జరుక్ శాస్త్రి అనే జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిగారు కవుల మీద చేసిన పేరడీలకీ ఇదే షరతు. అందుకని శ్రీరమణగారిని ‘మిథునం’తో మొదలుపెట్టండి. అది హాస్యం కాదనేవాళ్ళున్నారు. అప్పదాసు, బుచ్చిలక్ష్మి తిండి గురించి పోట్లాడుకునే పేజీలు వాళ్ళు దాటేశారేమో. బాపుగారు ఆ కథని ముచ్చటపడి తన దస్తూరీతో రాసుకున్నారు. ఒక పాఠకుడు రచయితకి చెయ్యగల సత్కారం అంతకన్నా ఏముంటుంది?

హాస్యం అనగానే మన లెక్క గోదావరి దగ్గర మొదలై కృష్ణ దగ్గర ఆగిపోతుంది. నేను పైన రాసిందీ అలాగే ఉందని ఈపాటికి ఎవరో అనుకునే ఉంటారు. పాకాల యశోదారెడ్డిగారి ‘మా ఊరి ముచ్చట్లు’ చదవండి. పాలమూరు మాట ఎంత చురుగ్గా తగులుతుందో అందులో ఉంది. ఒక ముసలమ్మ నోరు విప్పిందంటే చాలు, విడిగా హాస్యం కలపాల్సిన పనిలేదు. చిత్తూరు వైపు నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కథలు’ ఉన్నాయి. మొదటి నాలుగు పేజీలు మాండలికం కొరకబడనట్టు ఉంటుంది. దాన్నీ గొంతెత్తి చదివితే దారికొస్తుంది. వాళ్ళమ్మ తిట్టే తిట్లకి పడీపడీ నవ్వుతూ ఉండగానే, ఆ తిట్ల వెనక తిండిగింజల లెక్క ఉందని తెలుస్తుంది. నవ్వించి ఏడిపించడం అనే పాత చిట్కా కాదది. అక్కడ ఆ రెండూ విడివిడిగా లేవు.

హైదరాబాదువాళ్ళైతే ఉర్దూ వైపు కూడా ఒక చూపు చూడాలి. ‘సియాసత్’ పత్రికలో హాస్య కాలమ్‌తో మొదలుపెట్టిన ముజ్తబా హుస్సేన్ ఈ నగరం ఇచ్చిన గొప్ప వ్యాసకర్త. 2020లో పోయారు. ఆయన తాను బతికుండగానే, పోయినట్టు ఊహించుకుని తన మీద తానే స్మృతివ్యాసం రాసుకున్నారు. చచ్చిపోయినవాడి గురించి దుఃఖం రావాలి కదా, ఎందుకో రావడం లేదే అన్న ధోరణిలో మొదలవుతుంది. నేను చెప్పిన రెండో తెగకి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అంతకుముందు తరం పత్రస్ బుఖారీ రాసిన పాత సైకిల్ వ్యాసం కూడా అదే కోవ. సైకిల్‌లో బెల్లు తప్ప అన్నీ మోగుతుంటాయి, తొక్కేవాడు మాత్రం పరువు కాపాడుకుంటూ ఉంటాడు. లిపి రాకపోతే ఉర్దూ తెలిసిన మిత్రుణ్ణి చదివి వినిపించమనండి. ఆ వ్యాసాలు పుట్టింది మహఫిల్‌లో చదవడానికే.

మీరు అడిగిన ఇష్టమైన పుస్తకాలు చాలావరకు పైన వచ్చేశాయి. హాస్యం అని ముద్ర వెయ్యనివి రెండు కలుపుతాను. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ ఒకటి. పేరులోనే ఆయన వరస తెలుస్తుంది. వేదం, స్మార్తం తప్ప ఇంకో చదువు తెలియని ఇంట్లో పుట్టి, తెలుగు రాయాలని మొండిగా నిలబడ్డ కుర్రాడి కథ. సంభాషణ రాయడంలో ఆయన తరవాతే ఎవరైనా. పోట్లాట రాస్తే రెండు పక్షాలకీ న్యాయం ఉన్నట్టే అనిపిస్తుంది, అదీ చమత్కారం. రెండోది ఆదిలాబాదు సామల సదాశివగారి ‘యాది’. ఒక సంగతి చెబుతానని కూర్చుని, దారిలో ఒక ఉర్దూ షేర్ గుర్తొచ్చి, దాన్నించి ఒక హిందుస్తానీ గాయకుడు గుర్తొచ్చి, అక్కణ్ణుంచి వరంగల్లు మిత్రుడి ఉత్తరం గుర్తొచ్చి, మనం అసలు సంగతి మరిచిపోయాక తీరిగ్గా దాని దగ్గరికి వస్తారు. పెద్దాయన అరుగు మీద కూర్చుని చెబుతుంటే లేవబుద్ధి కాదు. తెలంగాణ మాట అంత మెత్తగా కాగితం మీద నిలబడటం నేను ఇంకెక్కడా చూడలేదు.

‘బారిస్టర్ పార్వతీశం’ మీరు మొదటి భాగమే చదివారో మూడూ చదివారో రాయలేదు. 1924లో వచ్చిన మొదటి భాగమే నా లెక్కలో పుస్తకం. తరవాతి రెండు భాగాల్లో పార్వతీశానికి లోకజ్ఞానం వచ్చేస్తుంది. లోకజ్ఞానం వచ్చిన పార్వతీశంతో మనకేం పని? దీనికి నాతో తగువుపడేవాళ్ళున్నారు, పడనివ్వండి.

ఇక అమ్మాయి. పన్నెండేళ్ళ పిల్లకి ‘బుడుగు’ తన వయసుకన్నా చిన్నపిల్లాడి గోల అనిపించవచ్చు, అయినా దానితోనే మొదలుపెట్టండి. పుస్తకం చేతికివ్వకండి, మీరు చదవండి. బుడుగు మాటల్ని విడగొట్టే తీరు, పెద్దవాళ్ళ మాటల్ని వంకరగా పట్టుకునే తీరు చెవికి ముందు అందుతాయి, కంటికి తరవాత. బాబాయి, రెండుజెళ్ళ సీత సంగతులు ఇప్పుడు అర్థం కాకపోయినా పర్లేదు, ప్రైవేటు మేష్టారి సంగతి ట్యూషన్‌కి వెళ్ళే ఏ పిల్లకైనా అర్థమవుతుంది. తరవాత చిలకమర్తివారి ‘గణపతి’లోంచి గణపతి చిన్నప్పటి అల్లరి ఉన్న చోట్లు ఏరి చదవండి. దాని భాష పాతది, కాబట్టి చదువుతూనే మీరు కాస్త మార్చుకుంటూ పోవాలి, ముందు రోజు ఒకసారి చూసుకుంటే ఇబ్బంది ఉండదు. ‘పార్వతీశం’ ఆ తరవాత. రైలు, ఓడ, టోపీ వచ్చే అధ్యాయాలు చాలు, ఇంగ్లండులో దిగాక మిగతాది తనే చదువుతానంటే పుస్తకం ఇచ్చెయ్యండి. ‘సాక్షి’ ఇంట్లో పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన చేత చదివించండి, గ్రాంథికం ఆయన నోట పలికినట్టు మన నోట పలకదు.